తాడు మీద వంతులు

కిటికీ చువ్వకు ఒక కొస,
బీరువా పిడికి ఇంకో కొస,
నడిమిట్ల నులక తాడు.
చువ్వ కాడ సున్న, బీరువా కాడ ఒకటి.
ఇది పరకాల, అది హన్మకొండ అనుకోండ్రి,
బస్సు ఎక్కడెక్కడ ఆగాల్నో మీరే చెప్పాలె అన్న.

అట్టముక్కల మీద స్కెచ్ పెన్నుతో రాసిన భిన్నాలు
ఇరవై ఇద్దరి చేతుల్ల.
క్లిప్పులు మా ఇంటివి.
దండెం మీది బట్టల్ని ఇవాళ
గాలికే ఒప్పజెప్పి వచ్చిన.

సగం తొందరగనే దొరికింది.
ఆత్మకూరు! అని ఒర్లిన్రు అందరు.
ఆఠాణ, అన్నది వంట కనకలక్ష్మి
పప్పు గంటె పట్టుకొని తలుపు కాడ నిలబడి.
పావు చారాణ, ముప్పావు బారాణ,
చారాణ కోడికి బారాణ మసాల
అని మీ అవ్వలు అనరా, అదే గిది.
పిల్లలు పడి పడి నవ్విన్రు.
కోడి సున్న దిక్కు, మసాల ఒకటి దిక్కు
తాడెక్కి కూసున్నయి.

ఆగింది తరుణ్ కాడ.
వాని చేతిల మూడో వంతు.
మూడు కన్న నాలుగు పెద్దది గద మేడమ్,
అని కోడికి ఇవతల
సున్న పక్కకు తగిలించిండు.

కింది అంకె పెరిగితే ముక్క తరుగుతదని
నిన్న చెప్పిన, మొన్న చెప్పిన,
గుండ్రంగ రొట్టె గీసి, గీతలు కొట్టి చెప్పిన.
బోర్డు మీది రొట్టె
ఎవరి పంట్లెకు తగిలింది?

ఆఖరి బెంచీ నుంచి రవళిక లేచింది.
పిలిస్తే తప్ప లేవని పిల్ల.
మా బాయి మేడమ్, అన్నది.
మా తాత బాయి.
పెద్దబాపు, మా బాపు, చిన్నబాపు, మూడు వంతులు.
రోజుకు ఎనిమిది గంటలు మోటరు మాది.
మొన్న మా మేనత్త వచ్చింది,
నాకు సుత వాటా ఉన్నదని.
ఇప్పుడు ఆరు గంటలే.
మూడో వంతే పెద్దది మేడమ్,
నాలుగైనంక సన్నబడ్డది.
మడి ఎండుతున్నదని మా అమ్మ ఒకటే తిట్టుడు.

తరుణ్ అట్ట తీసి
కోడిని దాటించి పెట్టిండు.
లెక్క ఒడిసింది. నేనే ఊకోలేదు.

మీ మేనత్తది ఎన్నో వంతు?
నాలుగో వంతు.
మీ బాపుది?
నాలుగో వంతే.
మరి ఏది పెద్దది, రవళికా?

శానా సేపు తాడు దిక్కే చూసింది.
పెద్దది, చిన్నది, రెండు గుర్తులే
అట్టల మీద రాసుకొచ్చిన నేను.
మూడో గుర్తు మర్చిపోయిన.
ఆమెనే నోటుబుక్కుల కాయితం చింపి
రెండు గీతలు గీసింది, జర వంకరగ,
ఒకదాని కింద ఒకటి.

ఇంక రెండట్టలు మిగిలినయి.
ఐదింట రెండు, ఎనిమిదింట మూడు.
వేలు సందు లేకుండ తన్నుకుంటున్నయి.
ఎకరం పట్టుండ్రి మేడమ్, అన్నడు ఓదెలు,
నలభై గుంటలు.
ఇది పదహారు గుంటలు, అది పదిహేను.
ఒక్క గుంటేనారా తేడా, అన్న.
ఒక్క గుంటకే మా వాడల తలలు పలిగినయి, అన్నడు వాడు
పెన్సిలు చెక్కుకుంట.
అంతల్నే గంట కొట్టిన్రు, పళ్లేలు లేచినయి.

సాయంత్రం బస్సుల
కండక్టరు జీరో టికెట్ చింపి చేతిల పెట్టిండు.
మా నాయిన పోయినంక
అన్నలిద్దరు కాయితం ముందట పెడితే
నాకేం వద్దని
చెయ్యి వణకకుండ సంతకం చేసినదాన్ని.
పైన సున్న, కింద మూడు.
కింద ఎంత రాసినా
ఆ భిన్నం కిటికీ చువ్వ కాడనే ఉంటది.
క్లాసుల ఆ అట్ట ఎన్నడు చెయ్యలేదు నేను.

ఆత్మకూరు దాటినం.
సంచిల క్లిప్పులు ఎంచిన.
ఒకటి తక్కువున్నది.
తాళమేసిన గదిల, తాడు మీద,
రెండు వంకర గీతల కాయితాన్ని
పట్టుకొని ఉండొచ్చు.